రిజిస్టర్‌లో నా సంతకం

పదకొండు దాటింది. లైటు ఆపమని ఆయన రెండుసార్లు అన్నారు. ఆ సంతకం సంగతి రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ఇవాళ గ్రామసభకి వెళ్ళాను. పదిన్నరకన్నారు, పన్నెండుకి మొదలైంది. కుర్చీలు నిండిపోయాయి, ఆడవాళ్ళం ఏడుగురం గోడవారగా నిలబడ్డాం. సర్పంచి గారు ఇంకా రాకముందే రిజిస్టర్ చేతిలో పెట్టారు. పేజీ పై సగం ఖాళీ. కింద వరస నంబర్లు వేసున్నాయి. "హాజరు కోసం మేడమ్, సంతకం పెట్టండి" అన్నాడొకతను. పెట్టేశాను. 17వ నంబరు నాది.

తీర్మానాలు ఆ ఖాళీలోనే రాస్తారని తర్వాత పక్కావిడ చెప్పింది. అంటే అక్కడ ఎవరేం రాసుకున్నా, నేను ఒప్పుకున్నట్టే! అప్పట్నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది.

పిన్ని గుర్తొచ్చింది. 1995లో మహిళలకి రిజర్వైన వార్డులో గెలిచింది. మీటింగులకి మాత్రం బాబాయే వెళ్ళేవాడు. రిజిస్టర్ ఇంటికొచ్చేది. బట్టలుతుకుతున్న పిన్ని లేచొచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, గడప మీద కూర్చుని ఒక్కో అక్షరం దిద్దినట్టు పెట్టేది. తడి ఆరని వేళ్ళకి సిరా అలుక్కుపోయేది. "ఇందులో ఏం రాశారండీ?" అంటే "నేను చూశాగా, నీకెందుకు" అనేవాడు బాబాయి. చదివి పెట్టొచ్చు కదా అని నాకు పిన్ని మీద కోపం వచ్చేది. ఆవిడ కనీసం అడిగింది. నేను అదీ అడగలేదు.

ఇంక ఆ గుమ్మం తొక్కకూడదనుకుంటూ ఇంటికొచ్చాను. ఇది రాస్తుంటే అలా అనిపించడం లేదు. సభలో మా వీధి మురుగు కాలువ గురించి అడిగాను కదా. కేంద్రం నుంచి పంచాయతీకొచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం మంచినీళ్ళకీ పారిశుద్ధ్యానికీ వాడాల్సింది, మరి ఆ కాలువ పూడిక ఎందుకు తీయలేదని. గొంతు వణికింది. నేను ఆపగానే నా వెనకున్న అవ్వ "మా వీధిది కూడా రాసుకోండయ్యా" అంది. ఊళ్ళో ఓటరుగా పేరున్న ప్రతివాళ్ళూ గ్రామసభ సభ్యులేనని రాజ్యాంగ 73వ సవరణలోనే ఉంది, అది అమల్లోకొచ్చింది 1993లో. ఆవిడ నోరు తెరవడం మాత్రం నేను ఇవాళే చూశాను.

సాయంత్రం పిన్నికి ఫోన్ చేశాను. అంతా విని, "రేపెళ్ళి పైన ఏం రాశారో చూడవే" అంది. చూపించకపోతే ఇద్దామని నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు రాసి బ్యాగులో పెట్టుకున్నాను. 30 రోజుల్లో జవాబివ్వాలి. నా కాలువతో పాటు అవ్వ వీధి కూడా రాశారో లేదో చూడాలి.