మా పోడును నరికిన అడవి అన్నారు: నా అనుభవం

మా కొండ భూమి చివరికి మొక్కల ప్రాజెక్టు జాబితాలోకి ఎక్కింది. ఖాయమైందని నిన్ననే ఫోన్ చేశారు. సంతోషంగా ఉంది, కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. పాడేరు మన్యంలో మాలాగే కొండవాలు మీద తుప్పలు కొట్టి, కాల్చి పోడు చేసుకుని బతికే ఊళ్ళు ఇంకా చాలా ఈ దారిలోకి వస్తున్నాయి. వాళ్ళకు పనికొస్తుందని, ఏదీ మరిచిపోకముందే రాస్తున్నాను.

ముందు ప్రాజెక్టు గురించి. విదేశాల్లోని కంపెనీలు డబ్బు పెడతాయి. ఇక్కడ ఒక సంస్థ ఊళ్ళు తిరిగి రైతులను చేర్చుకుంటుంది. పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలిన కొండవాలుల్లో పనస, మామిడి, నేరేడు, ఉసిరి, సిల్వర్ ఓక్ నాటిస్తారు. నీడ పట్టాక కింద కాఫీ వేసుకోవచ్చు, మిరియాల తీగ పాకించుకోవచ్చు. చెట్లు పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కగట్టి, టన్నుకు ఒక కార్బన్ క్రెడిట్ (తాము వదిలిన పొగకు బదులుగా చూపించుకునే, అమ్ముకోగలిగే లెక్క) చొప్పున డబ్బు పెట్టినవాళ్ళు తీసుకుంటారు. కాయ, పండు, గింజ రైతువి. ఫ్రాన్స్ నుంచి నడిచే లైవ్లీహుడ్స్ ఫండ్, మన నాంది ఫౌండేషన్ కలిసి అరకు ప్రాంతంలో ఎప్పటినుంచో ఈ పద్ధతిలో లక్షల చెట్లు నాటించాయి. మాది అది కాదు, వేరే ప్రాజెక్టు. కానీ ఆ తోటలు చూశాకే మా నాన్నకు ఆశ పుట్టింది.

నాన్న అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. చెట్ల పేరు చెప్పి మా తాత చేతిలోంచి ఒక పోడు ముక్క ఎప్పుడో పోయింది. నాటినవాళ్ళు కంచె వేశారు, మావాళ్ళు బయట ఉండిపోయారు. "ఈసారి పట్టా చేతిలో ఉంది, ఎవరూ లాక్కోలేరు నాన్నా" అని నేనే నచ్చజెప్పాను. అటవీ హక్కుల చట్టం కింద మాకు ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా వచ్చింది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి భూమి మా చేతిలో ఉందని తేలితేనే ఆ పట్టా ఇస్తారు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, తర్వాత మమ్మల్ని ఆదుకున్న వాటిలో ఇదొకటి.

ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పట్టా జెరాక్సులు ఇవ్వడం, గ్రామసభ తీర్మానం రాయించడం తేలిగ్గానే అయిపోయాయి. జీపీఎస్ పట్టుకుని భూమి చుట్టూ నడవడం ఒక పూట పని.

దరఖాస్తులో రైతు పేరుకు ఒకే గడి ఉంది. పెళ్ళైనవాళ్ళకు ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. మా పట్టాలోనూ అమ్మ పేరుంది. "ఆవిడ సంతకం అక్కర్లేదండి" అన్నారు. అక్కర ఉందని నేను పట్టుబట్టాను. విత్తనం దాచేది, కలుపు తీసేది, పసుపు తవ్వి సంతకు మోసేది అమ్మే. ఇరవై ఏళ్ళ ఒప్పందం మీద ఆమె గుర్తు లేకపోతే రేపు ఆమె మాట ఎవరు వింటారు? గడి పక్కన ఖాళీలో పేరు రాయించి వేలిముద్ర వేయించాను. అది చూసి మా ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు కూడా ముందుకొచ్చి వేశారు. ఇది నేను చేయించిన పని అని గర్వంగా చెప్పుకుంటాను.

ఇక అసలు సంగతి.

జాబితా చదవడానికి అందరినీ బడి వరండాలో కూర్చోబెట్టారు. ఫీల్డ్ ఆఫీసర్ లాప్‌టాప్ తెరిచి ఒక్కో పేరూ చదువుతూ మా నాన్న పేరు దగ్గర ఆగాడు. తెర మీద మా భూమి చుట్టూ ఎర్ర గీత ఉంది. "నీ భూమి రాదు. నువ్వు అడవి నరికావు. శాటిలైట్‌లో దొరికిపోయావు" అన్నాడు. అరవై దాటిన మనిషిని, ఊరంతా చూస్తుండగా అన్నాడు. నాతో మాత్రం "మీరు" అని మాట్లాడతాడు, డిగ్రీ చదివానని తెలుసు కాబట్టి.

నాన్న నోరు విప్పలేదు. మా వైపు ఆ మాట మామూలు మాట కాదు. అడవి నరికాడంటే కేసు, కోర్టు వాయిదాలు, ఉన్న మేకల్ని అమ్మి ఛార్జీలు పెట్టుకోవడం. ఆ భయంలో పెరిగిన తరం మా నాన్నది. ఫారెస్టు వాళ్ళకు కూడా జాబితా పంపుతారట అని చీకటి పడేలోపే ఊళ్ళో పుకారు లేచింది. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. ఎర్ర గీత పడిన ఇళ్ళు మాతోపాటు ఇంకొన్ని ఉన్నాయి. వాళ్ళెవరూ మర్నాడు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. తప్పు చేయని మనుషులు తలదించుకుని తిరగడం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

అసలు వాళ్ళు చూసిందేమిటో తెలుసుకోవడానికే చాలా తిరగాల్సి వచ్చింది. ఫీల్డ్ ఆఫీసర్ పైవాళ్ళను అడగమన్నాడు. పైవాళ్ళు సిస్టమ్‌లో అలాగే వచ్చిందన్నారు. సిస్టమ్ ఎవరు చూస్తారంటే బెంగళూరు టీమ్ అన్నారు. ఆ టీమ్‌లో ఒక కుర్రాడు నా గోడు విని రెండు చిత్రాలు వాట్సాప్‌లో పంపాడు. ఒకటి 2018 అక్టోబర్‌ది, పచ్చగా ఉంది. రెండోది 2020 మార్చిది, నల్లగా, బోడిగా ఉంది. ఈ రెండు బొమ్మలు చూసి మా నాన్నను దోషిని చేశారు. పట్టా చూడలేదు, ఒక్క ముక్క అడగలేదు.

వాళ్ళు పట్టుకున్న నియమం ఇది: ప్రాజెక్టు మొదలయ్యే ముందు పదేళ్ళలోపు సహజమైన అడవిని కొట్టేసిన నేలకు క్రెడిట్లు ఇవ్వరు. వాతావరణం కోసం దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం రోజుల్లో ఇంకా గట్టిగా ఉండేది, తిరిగి అడవి పెంచాలంటే 1989 డిసెంబర్ 31 నాటికే అక్కడ అడవి లేదని చూపించాలి. నియమం మంచిదే. అది లేకపోతే డబ్బాశతో ఎవరైనా నిలువెత్తు అడవిని కూల్చి, అక్కడే మొక్కలు నాటి, క్రెడిట్లు అమ్ముకుంటారు. నా కోపం నియమం మీద కాదు. పోడు అంటే ఏమిటో తెలుసుకోకుండా దాన్ని మా మీద ప్రయోగించిన తీరు మీద.

పోడులో రెండు మూడేళ్ళు చోడి, సామ, వలిసెలు, కంది వేస్తాం. బలం తగ్గితే నేలను వదిలేస్తాం. తుప్పలు లేస్తాయి, మోళ్ళు చిగుళ్ళు వేస్తాయి, లాంటానా అల్లుకుంటుంది. కొన్నేళ్ళకు మళ్ళీ కొట్టి, ఎండల్లో కాల్చి, తొలకరికి విత్తుతాం. మా తాతల నాడు నేలకు చాలా ఏళ్ళు విశ్రాంతి దొరికేదట. మనుషులు పెరిగి భూమి తగ్గాక అది మూడు నాలుగేళ్ళకు కుదించుకుపోయింది. నేల సారం పోవడానికి అదే కారణం, మేం చెట్లు కావాలని అడగడానికీ అదే కారణం. వానలు వెలిసిన అక్టోబర్‌లో తుప్పల పచ్చదనం, మార్చిలో కాల్చిన నేల పక్కపక్కన పెడితే అడవి మాయమైనట్టే ఉంటుంది. కోత మర్నాడు వరిమడి ఫొటో తీసి పైరు నాశనం చేశారని రాసినట్టుంది ఇది. ఇంకా ఘోరం, మా పెదనాన్న తోటలో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు కూలిన సిల్వర్ ఓక్ చెట్లు కూడా ఆయన నరికినట్టే లెక్కలోకి ఎక్కాయి. ఆ తుపాను మన్యంలో ఎన్ని తోటల్ని పడగొట్టిందో ఇక్కడ పసిపిల్లలను అడిగినా చెబుతారు.

విశాఖలో చదివేటప్పుడు పరిచయమైన ఒక అక్క ఈ మ్యాపుల చదువే చదివింది. ఆమె ఫోన్‌లోనే నాకు పని నేర్పింది. ఇందులో రహస్యమేమీ లేదు. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి అందరికీ ఉచితం. ఐరోపా వాళ్ళ సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి దొరుకుతాయి, 10 మీటర్ల వరకు వివరం తెలుస్తుంది. ముఖ్యమైన కిటుకు ఒకటే: వేర్వేరు కాలాలవి పోల్చకూడదు. నేను ఏటా మార్చి నెలవే వరసగా పేర్చాను. బోడి, బోడి, కాస్త పచ్చ, పచ్చ, మళ్ళీ బోడి. 2005కు ముందు చిత్రాల్లోనూ ఇదే వరస. ఆ వరసకు పట్టా నకలు, అటవీ హక్కుల కమిటీ పాత తీర్మానం జతచేశాను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనంలోనే, ప్రధానంగా వ్యవసాయానికి వాడే భూమిని అడవిగా లెక్కించరని ఉంది. ఆ వాక్యం కూడా ఎత్తి రాశాను. ఎర్ర గీత పడిన అన్ని ఇళ్ళకూ కలిపి ఇంగ్లిషులో ఉత్తరం నేనే రాశాను.

ఎవరికి పంపాలో ఎవరూ చెప్పలేదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఫిర్యాదు ఎలా చేయాలో రాసి పెట్టాలి. మా ఒప్పంద పత్రాల్లో ఆఖరి పేజీల్లో సన్నక్షరాల్లో ఉంది. అది దొరికాకే పని కదిలింది.

లెక్కలు సరిచూడడానికి వేరే సంస్థ తరఫున ఢిల్లీ నుంచి ఒక ఆడిటర్ మేడమ్ వచ్చారు. జీపు ఆగిన చోటు నుంచే చూసి వెళ్ళిపోతారేమో అని టెన్షన్ పడ్డాను. ఆవిడ కొండెక్కారు. నాన్న ఆ రోజు మాట్లాడినంత ఎప్పుడూ మాట్లాడలేదు, నేను హిందీలో చెబుతూ వచ్చాను. పోడు కొట్టినప్పుడల్లా వదిలేసిన పాత మామిడిని చూపించాడు. కల్లు గీస్తున్న జీలుగు చెట్టునూ దాని మీది గాట్లనూ చూపించాడు. మోళ్ళ దగ్గర కూర్చుని, "చూడండమ్మా, ఏదైనా మణికట్టు కంటే లావుందా? ఇది అడవి చెట్టు మోడా?" అని అడిగాడు. ఆవిడ టేపుతో కొలిచి రాసుకున్నారు. పై అంచున చెట్లు నిజంగానే చిక్కగా పెరిగిన ముక్కను ప్రాజెక్టులోంచి తీసేశారు. నాన్న దానికి వెంటనే ఒప్పుకున్నాడు, "అక్కడ నాటాల్సిన పనేముంది, అదే లేస్తోంది కదా" అన్నాడు.

ఆ మాట మీద నాకు ఇంకొకటి చెప్పాలనుంది. ఆఫ్రికాలోని నైజర్ దేశంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన 1980ల్లో మొక్కలు నాటించి నాటించి విసిగి, నేలలో బతికున్న మోళ్ళ చిగుళ్ళను కాపాడమని రైతులకు చెప్పాడు. ఒక్కో మోడుకు నాలుగైదు మంచి కొమ్మలు ఉంచి మిగతావి కత్తిరించడమే పని. అలా 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. మా పోడులోనూ మోళ్ళు బతికే ఉన్నాయి. కానీ ప్రాజెక్టు వాళ్ళు నాటిన మొక్కకే లెక్క ఉందంటున్నారు, గోతులు తీయడానికి చిగుళ్ళను పీకేయాలంటున్నారు. మేం ఒప్పుకోలేదు, చిగుళ్ళను వదిలి పక్కన గోతులు తీస్తాం. 2011లో జర్మనీలోని బాన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో 2020 నాటికి 15 కోట్ల హెక్టార్ల పాడైన నేలను బాగు చేద్దామని లక్ష్యం పెట్టుకున్నారు, తర్వాత 2030కి దాన్ని 35 కోట్లు చేశారు. మన దేశం 2019లో గ్రేటర్ నోయిడా సమావేశంలో 2.6 కోట్ల హెక్టార్లు బాగు చేస్తామని చెప్పింది. అంత నేల ఖాళీగా ఎక్కడుంది? ఎక్కువ భాగం మాలాంటివాళ్ళ కాళ్ళ కిందే ఉంది. మమ్మల్ని దొంగల్ని చేసి ఆ లెక్క పూర్తి చేయలేరు.

ఎర్ర గీతలు తీసేశామని ఫోన్‌లో చెప్పారు కానీ, నాన్నను ఆ మాట అన్నందుకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఊరందరినీ పిలిచి, ఈ భూములు నరికిన అడవి కాదని అదే వరండాలో చదవమని అడిగాను. ఇంకా జవాబు లేదు. వచ్చేదాకా అడుగుతాను.

చేరబోయేవాళ్ళు పట్టా అసలు కాగితం ఎవరి చేతిలోనూ పెట్టకండి, జెరాక్స్ చాలు. ఈ ఏడు పోడు కొట్టేముందు, కొట్టాక, తేదీ పడేలా ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. పాత చెట్లను తప్పకుండా తీయండి. "సిస్టమ్‌లో వచ్చింది" అంటే ఏ తేదీల చిత్రాలో రాసివ్వమని అడగండి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఒప్పందం ఆఖరి పేజీ వరకు చదివించుకుని, ఇంటి ఆడవాళ్ళ వేలిముద్ర పడ్డాకే మీరు సంతకం పెట్టండి.

పక్క ఊరి జాబితా వచ్చే నెల చదువుతారట. వాళ్ళ భూముల మార్చి చిత్రాలు నేను ఇప్పటికే దించి పెట్టాను.