తగ్గిన సంగతి మాత్రమే చెప్పాలట

నిద్ర పట్టట్లేదు. "ఇంకోసారి నవ్వుతూ చెప్పండమ్మా" అన్న ఆ కుర్రాడి గొంతు చెవుల్లోంచి పోవట్లేదు.

జనానికి నమ్మకం కుదరాలని ఆరోగ్య కేంద్రం వాళ్ళు రోగుల చేత అనుభవాలు చెప్పించే సమావేశం పెట్టారు. మంచి ఆలోచనే. అత్తయ్య సంగతి మీకు తెలిసిందే, ఆవిడ లెక్కలో బీపీ మాత్ర తల తిరిగిన రోజుకే. పక్కింటి పిన్నిగారు మాట్లాడతారంటే గానీ కదల్లేదు.

పిన్నిగారు మొదలుపెట్టడమే అసలు విషయంతో మొదలుపెట్టారు. మొదటిసారి వెళ్తే చీటీ రాసే మనిషి కసురుకున్నాడనీ, ఆ ఉక్రోషంతో చాన్నాళ్ళు అటువైపే పోలేదనీ. నిర్వాహకుడు టక్కున అందుకున్నాడు, "అవన్నీ ఎందుకమ్మా, తగ్గిన సంగతి చెప్పండి." ఫోన్‌లో వీడియో తీస్తున్న కుర్రాడేమో మళ్ళీ మొదట్నుంచీ చెప్పమన్నాడు, ఈసారి నవ్వుతూ. పాపం ఆవిడ బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు నాలుగు ముక్కలు చెప్పి, మధ్యలోనే మైకు బల్ల మీద పెట్టి వచ్చేశారు. అత్తయ్య నా చెవిలో, "చెప్పనిస్తే ఆ కసురుకున్నవాడు ఇంకా అక్కడే ఉన్నాడో లేదో తెలిసేది కదే" అన్నారు. ఆవిడకి కావలసింది అదొక్కటే. అదే కత్తిరించేశారు.

తాతయ్య గుర్తొచ్చారు. కంట్లో శుక్లం ముదిరి మనిషిని గొంతు బట్టి పోల్చుకునే స్థితిలో కూడా ఆపరేషన్ అంటే ససేమిరా అనేవారు. ఎవరికో ఉన్న చూపు కూడా పోయిందని ఎవరో చెప్పారు. ఆ ఎవరో ఎవరో ఎవరికీ తెలీదు. డాక్టరు బొమ్మ గీసి చూపించినా, మా నాన్న అరిచినా లాభం లేదు. ఒకరోజు ఆయన స్నేహితుడొకాయన నల్ల కళ్ళద్దాలతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పొగడలేదు. పొద్దున్నుంచీ కూర్చోబెట్టారన్నాడు, సూది అంటే భయమేసిందన్నాడు, కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడిందన్నాడు. తాతయ్య అడగాల్సినవన్నీ అడిగారు. నొప్పి ఎంతసేపు? కట్టు ఎవరు విప్పారు? చివర్లో ఆయన అద్దాలు తీసి, "నీ చొక్కాకి రెండో గుండీ లేదురా" అన్నాడు. తాతయ్య తడుముకుని చూసుకున్నారు. నిజంగానే లేదు. ఆ నెల్లోనే ఆపరేషన్ అయింది.

అందుకే ఇంటికొచ్చేటప్పుడు, కెమెరా పెట్టగానే కథ చచ్చిపోతుందని ఈయనతో వాదించాను. ఇప్పుడు రాస్తుంటే అది నిలబడేలా లేదు. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి బీపీ రోగుల మీద చేసిన పరిశోధన 2011లో వచ్చింది. అందులో వాడింది డీవీడీలే. తమలాంటి రోగులే తమ మాటల్లో చెప్పుకున్న అనుభవాలు. మొదట్లో బీపీ అదుపులో లేనివాళ్ళలో, మామూలు ఆరోగ్య విషయాల డీవీడీలు చూసినవాళ్ళకంటే కథలు చూసినవాళ్ళకి 3 నెలల్లో పై అంకె 11 పాయింట్ల దాకా ఎక్కువ తగ్గింది. తర్వాత రెండు వర్గాల్లోనూ కొంత పెరిగిందట, తేడా మాత్రం నిలిచింది. కాబట్టి కెమెరాది తప్పు కాదు.

అయినా అది బీపీ వరకే, కథ ఉంటే చాలని కాదు. తాతయ్యని అన్నాళ్ళు ఆపింది కూడా కథే కదా! పుకారు కూడా ఎవరో నోరారా చెప్పిందే. జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఏక్‌జుట్ సంస్థ ఆడవాళ్ళ బృందాల్లో కథలూ బొమ్మల కార్డులూ వాడింది గానీ అక్కడితో ఆగలేదు. మన దగ్గర పుట్టిన బిడ్డలు ఎందుకు పోతున్నారు, ఏం చేద్దాం అని వాళ్ళే కూర్చుని తేల్చుకున్నారు. అలాంటి బృందాలు లేని చోట్లకంటే నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయని 2010లో ప్రచురించారు. విన్నవాళ్ళు తిరిగి అడగగలగాలి, అడిగినదానికి కేంద్రం వైపు నుంచి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఇవాళ ఒక్క ప్రశ్నకీ చోటివ్వలేదు. గ్రూప్ ఫోటోకి మాత్రం బోలెడు టైముంది.

విచిత్రమేంటంటే పిన్నిగారు వెనక్కొస్తూ దారంతా మిగతా కథ చెప్పారు. ఆ కసురుకున్నవాడు ఇంకా అక్కడే ఉన్నాడట. కొత్త నర్సు మాత్రం పేరు పెట్టి పిలుస్తుందట, మాత్రలు ఎప్పుడు అయిపోతాయో చీటీ మీద రాసిస్తుందట. అత్తయ్య ఆ చీటీ అడిగి మరీ చూశారు. వెళ్తానన్నారు కూడా, పిన్నిగారు తోడొస్తేనే. ఆవిడకి ఎల్లుండి గానీ కుదరదు. నేను మళ్ళీ సెలవు పెట్టాలి, ఆఫీసులో ఏం చెప్పాలో అదో టెన్షన్.