పబ్లిక్ హియరింగ్‌లో "వద్దు" అంటే సరిపోదు

ముత్తుకూరు తీరంలోనో, చీమకుర్తి క్వారీల పక్కనో కొత్త ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ అనగానే షామియానా, పోలీసులు, "వద్దు వద్దు" నినాదాలు గుర్తొస్తాయి. నినాదాలు చెయ్యండి, తప్పేం లేదు. కానీ అక్కడ ఓటింగ్ ఉండదు. కోరం కూడా అక్కర్లేదు, పదిమందే వచ్చినా మీటింగ్ జరిగినట్టే లెక్క. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ఇచ్చిన పట్టు వేరే చోట ఉంది: పర్యావరణం గురించి జనం లేవనెత్తిన ముఖ్యమైన అభ్యంతరాలన్నిటికీ కంపెనీ తుది రిపోర్టులో జవాబు చెప్పాలి. ఉత్త "వద్దు"కి జవాబేముంటుంది? "మా ఊరి బోరు నీళ్లు ఎప్పుడు పరీక్షించారు, ఏ పేజీలో ఉంది?" అంటే మాత్రం రాయక తప్పదు.

పేపర్లో ప్రకటన వచ్చాక కనీసం 30 రోజులు గడువుంటుంది. కంపెనీ ఇచ్చిన ఈఐఏ ముసాయిదా రిపోర్టు కలెక్టరేట్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ప్రాంతీయ కార్యాలయంలో చూడొచ్చు. తెలుగు సారాంశంలో పెద్దగా సరుకుండదు. ఇంగ్లీషు రిపోర్టులో ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల మ్యాపు, గాలి, నీటి శాంపిళ్లు తీసిన ఊర్ల పట్టిక, తీసిన నెలలు చూడండి. డేటా సాధారణంగా ఒక్క సీజన్‌దే, అదీ వానాకాలం కానిది. మార్చి నుంచి మే దాకా లెక్కలు తీస్తే, అక్టోబరు, నవంబరు వానలకు నీళ్లు ఎటు పోతాయో అందులో కనబడదు. మన తీరంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

అన్యాయం ఎక్కువగా జరిగేది పట్టా లేనివాళ్లకి. బకింగ్‌హాం కాలువలో, కండలేరు ఉప్పుటేటిలో పీతలు, రొయ్యలు పట్టుకుని బతికే యానాదుల పేరు నష్టపోయేవాళ్ల జాబితాలో ఎక్కడ ఉంటుంది? మీటింగుకి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకే ముందే కాలనీకి వెళ్లి ఏ కాలువలో, ఏ నెలల్లో, ఏం పడతారో వాళ్ల మాటల్లోనే రాయించి, చదివి వినిపించి, వేలిముద్రలు వేయించి పీసీబీ ఆఫీసులో ఇవ్వాలి. రాతపూర్వక అభ్యంతరమూ చెల్లుతుంది. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు.

హాజరు పట్టీలో సంతకం పెడితే ఒప్పుకున్నట్టే అన్న భయం చాలా ఊళ్లలో ఉంది. అది హాజరు మాత్రమే. పైన హెడ్డింగు లేని ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టకండి.

అసలు పొరపాటు చివర్లో జరుగుతుంది. మీటింగు ముగిసేముందు, వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. అప్పటికే జనం బస్సుకో ఆటోకో వెళ్లిపోయి ఉంటారు. రాసుకున్న కాగితంతో నలుగురైనా కూర్చుని, తప్పిపోయిన పాయింటుని అక్కడికక్కడే చేర్పించాలి. మొత్తం వీడియో తీస్తారు కాబట్టి చేర్చమని మైకులోనే అడగండి.

తర్వాత తుది రిపోర్టు కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో పెడతారు. మీ ప్రశ్న పక్కన "తగు చర్యలు తీసుకుంటాం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, అనుమతి మీద సిఫారసు చేసే నిపుణుల కమిటీ కూర్చునేలోపే ఆ కమిటీకి ఈమెయిల్ పంపాలి. అయినా అనుమతి వచ్చేస్తే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఇస్తారు, అది దాటితే అప్పీలు తీసుకోరు.