ఏడు కిలోమీటర్ల కోసం ఒక బండి

నిరుడు జూన్‌లో నాకు బదిలీ అయింది. అనంతపురం నుంచి ఉరవకొండ పోయే దారిలో కూడేరు దాకా ఆర్టీసీ బస్సులకు కొదువ లేదు. కూడేరులో దిగాక మా పాఠశాల ఉన్న పల్లెకు లోపలికి ఏడు కిలోమీటర్లు పోవాలి. ఆ దారిన ఉదయం ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు తిరుగుతాయి గానీ వాటి వేళలు బడి గంటలకు పొసగవు. ఆటో మనుషులు నిండితే తప్ప కదలదు. మొదటి రెండు నెలల్లోనే తొమ్మిది రోజులు ప్రార్థన వేళకు అందుకోలేకపోయాను. లెక్కల మాస్టారే ఆలస్యంగా వస్తుంటే పిల్లలకు ఏం చెప్పగలను? తోటి ఉపాధ్యాయులందరూ చెప్పిన ఉపాయం ఒక్కటే: "బండి తీసుకో సార్."

నాకు నలభై మూడేళ్లు. మా వైపు ఈ వయసు మగవాడికి మోటారుసైకిల్ నడపడం రాదంటే ఎవరూ నమ్మరు. రాకపోవడానికి ఒక కారణం ఉంది. 1994లో మా చిన్నాయన పామిడి నుంచి రాత్రిపూట బండి మీద వస్తూ, రోడ్డు అంచున వెనక దీపం లేకుండా నిలిపి ఉంచిన ట్రాక్టరు ట్రాలీని గుద్దుకొని చనిపోయాడు. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం ఒక్కటి కూడా లేదు, దెబ్బంతా తలకే తగిలింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ ఏడాదే మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ముప్పై ఏళ్ల పాటు ఆ ఒట్టు నాకు భారంగా తోచలేదు, ఎందుకంటే పట్నంలో సైకిలుతో, బస్సుతో నా పనులన్నీ జరిగిపోయేవి.

అమ్మను అడగడానికి ముందు నాకు నేను జవాబు చెప్పుకోవాలని కూర్చున్నాను. ముందు కనబడినవి భయపెట్టే అంకెలే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే, అంటే దాదాపు 75 వేల మంది. అదే నివేదికలో హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవారి సంఖ్య 50,029. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడగానే, హెల్మెట్ ఒక్కటి ఉంటే మూడింట రెండు వంతుల ప్రమాదం తప్పుతుందని అనిపిస్తుంది. ఆ తీర్మానం తప్పు. మొత్తం నడిపేవారిలో హెల్మెట్ పెట్టుకునేవారు ఎందరో తెలియకుండా ఆ భాగహారం చేయకూడదు. పదో తరగతి పిల్లవాడు అలా చేస్తే నేను మార్కు తగ్గిస్తాను. ప్రమాదాలకు గురైనవారిలో హెల్మెట్ ఉన్నవారినీ లేనివారినీ పోల్చి చూసిన అధ్యయనాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ సమీక్షించి, హెల్మెట్ వల్ల మరణం ముప్పు సుమారు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతుందని తేల్చింది. అది గొప్ప రక్షణే, అయినా మిగిలిపోయేది చిన్నదేమీ కాదు. ఈ మాట మనసులో పెట్టుకోకపోతే హెల్మెట్ పెట్టుకున్న మరుక్షణం మనిషికి లేని ధైర్యం వస్తుంది.

ఇంకొక పరిశోధన నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మోటారుసైకిల్ ప్రమాదం జరిగిన చోటికే తన బృందంతో వెళ్లి, అలా 900కు పైగా ప్రమాదాలను పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చాడు. వేరే వాహనంతో ఢీకొన్న ఘటనల్లో మూడింట రెండు వంతుల్లో తప్పు ఆ రెండో వాహనానిదేనట. చాలాసార్లు మోటారుసైకిల్ వస్తున్నట్టు వాళ్లు గుర్తించనే లేదు. అదే నివేదికలో ఇంకో మాట ఉంది: ప్రమాదానికి గురైనవారిలో 92 శాతం మంది తమంతట తామే నేర్చుకున్నవారు, లేదా ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారు. ఆ ఊరు వేరు, ఆ కాలం వేరు. అయినా మా జిల్లాలో బండి నేర్చుకునే పద్ధతి ఇదే కదా. అన్న వెనక కూర్చుని "క్లచ్ వదులు, రైజ్ చెయ్యి" అంటాడు, తమ్ముడు ముందుకు పోతాడు, మరుసటి ఆదివారానికి అంగడికి పంపిస్తారు.

వయసు సంగతి కూడా నిజాయితీగా చూసుకోవాలి. నలభై దాటాక నేర్చుకునేవాడికి ఇరవయ్యేళ్ల పిల్లవాడి దూకుడు ఉండదు. అది మేలే. కానీ ఎముక విరిగితే అతుక్కోవడానికి ఎక్కువ కాలం పడుతుంది, రాత్రి ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్లలో పడ్డాక చూపు మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎక్కువ క్షణాలు పడుతుంది, పైగా నాకు కళ్లద్దాలు కూడా ఉన్నాయి. బస్సు కిటికీ పక్కన కూర్చొని నేను ఇది పరీక్షించుకున్నాను. ఎదురు లారీ దాటిపోయాక రోడ్డు అంచు మళ్లీ కనబడేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటే, ఒక్కోసారి మూడు దాకా వచ్చేది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే యాభై మీటర్లు. వెనక దీపం లేని ట్రాలీ దాగి ఉండడానికి ఆ యాభై మీటర్లు చాలు.

అక్కడే నా ప్రశ్న మారింది. అంతవరకు "నేర్చుకోవాలా, వద్దా" అని అడుగుతూ వచ్చాను. అది ఒకే ముద్దగా ఉన్న ప్రశ్న. ఏ దారి, ఏ వేళ, ఎంత వేగం, ఎంత దూరం అని దాన్ని విడదీసేసరికి ముక్కలన్నీ ఒకే బరువుతో లేవని తెలిసింది. ఇంటి నుంచి కూడేరు దాకా జాతీయ రహదారి. లారీలు, ఎదురుదారిలో వచ్చే ఆటోలు, ఓవర్‌టేక్ చేసే కార్లు, అన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. అదే ముక్కలో బస్సులు కూడా కావలసినన్ని ఉన్నాయి. నా ఇబ్బంది అంతా కూడేరు తరువాతి ఏడు కిలోమీటర్లది. అలాంటప్పుడు ఇంటి నుంచి బండి మీద పోవలసిన అవసరం ఎక్కడుంది?

ఈ ఆలోచనను స్టాఫ్‌రూములో చెప్పినప్పుడు ఎవరికీ నచ్చలేదు. "బండి కొని కూడేరులో పెట్టి, మళ్లీ బస్సుకు డబ్బులు పెడతావా సార్?" అన్నారు. బస్సు చార్జీ పోతుంది, నిజమే. ఆ డబ్బుతో నేను కొనుక్కుంటున్నది రహదారి మీద లేకుండా ఉండడాన్ని. నా దృష్టిలో అది చవకే.

చివరికి అమ్మ దగ్గర కూర్చొని ఏడు కిలోమీటర్ల సంగతి, పగలు మాత్రమే నడపడం సంగతి, గంటకు నలభై దాటనన్న సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మీ చిన్నాయనకు కూడా రోజూ పోయే దారే నాయనా," అని మాత్రం అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. దారి ఎంత అలవాటైతే అంత ఏమరుపాటు వస్తుందనే కదా ఆమె చెప్పింది. వారం తరువాత తానే, "రాత్రి మాత్రం వద్దు," అంది. ఒట్టు అలా సడలింది.

ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు, తీసుకున్నాక అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లడానికి చట్టప్రకారం కనీసం ముప్పై రోజులు ఆగాలి, ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలల పాటు చెల్లుతుంది. ముప్పై రోజులే చాలులెమ్మని చాలామంది తొందరపడతారు. నేను మూడు నెలలు తీసుకున్నాను. ప్లాట్లు వేసి, తారురోడ్లు పోసి, ఒక్క ఇల్లు కూడా లేవని వెంచరు ఒకటి మా ఇంటికి దగ్గరలోనే ఉంది. ఆదివారాలు తెల్లవారుజామున ఆ ఖాళీ రోడ్ల మీద నేర్చుకున్నాను. నేర్పింది మా బావమరిది. ఆయన ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాడు, మంచి చేయి. అయినా మొదటి రోజే ఒక విషయంలో మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది.

"ముందు బ్రేకు ముట్టుకోకు బావా, పల్టీ కొడతావ్," అన్నాడాయన. మా ఊళ్లలో బండి నేర్పే ప్రతి ఒక్కరూ చెప్పే మాట ఇదే. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు కాబట్టి కాలి బ్రేకును ఎంత బలంగా తొక్కినా అది జారుతుందే తప్ప బండిని తొందరగా ఆపలేదు. పొడి తారురోడ్డు మీద ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. బావమరిది చెప్పినదాంట్లో కూడా నిజం లేకపోలేదు. ఇసుక మీదో, తిప్పిన హ్యాండిల్‌తోనో ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజితే చక్రం బిగుసుకొని మనిషి పడిపోతాడు. అందుకని సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీసి, ఆ గీత దగ్గర బ్రేకు వేయడం మొదలుపెట్టి, ఎక్కడ ఆగానో అక్కడ ఇంకో గీత గీసి, మధ్య దూరాన్ని నడిచి అడుగులు లెక్కపెట్టాం. గంటకు ముప్పై వేగంలో కాలి బ్రేకు ఒక్కదానితో పద్దెనిమిది అడుగులు వేయవలసి వచ్చింది. రెండు బ్రేకులనూ కలిపి, ముందుదాన్ని నిమ్మకాయ పిండినట్టు మెల్లగా బిగిస్తూ వచ్చేసరికి పదికి తగ్గింది. ఆ రోజు నుంచి ఆయన కూడా ముందు బ్రేకు వాడుతున్నాడు.

బ్రేకుల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, వేగం పెరిగిన కొద్దీ బ్రేకు పడ్డాక బండి పోయే దూరం ఆ లెక్కన పెరగదు, వేగపు వర్గం లెక్కన పెరుగుతుంది. గొర్రెల మంద అడ్డం వచ్చిందని కన్ను చూసి, చేయి కదలడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు నలభై వేగంలో ఆ సెకనులో పదకొండు మీటర్లు పోతాం, బ్రేకు పడ్డాక ఇంకో పది మీటర్లు. మొత్తం ఇరవై ఒకటి. అదే అరవై వేగంలో పదిహేడూ, ఇరవై మూడూ కలిసి నలభై అవుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం దాదాపు రెట్టింపయింది. ఏడు కిలోమీటర్లకు నలభై వేగంలో పట్టేది పదిన్నర నిమిషాలు, అరవైలో ఏడు నిమిషాలు. మూడున్నర నిమిషాల కోసం అంత ముప్పు కొని తెచ్చుకోవడంలో నాకు అర్థం కనబడలేదు.

తీసుకున్నది నూట పది సీసీ బండి. 2019లో నూట ఇరవై ఐదు సీసీ దాకా కొత్త బండ్లన్నింటికీ కాంబీ బ్రేకో, ఏబీఎస్సో తప్పనిసరి అయింది. కాంబీ బ్రేకు ఉంటే వెనక బ్రేకు తొక్కినప్పుడు ముందుది కూడా కొంత పడుతుంది. పెద్ద బండ్లకు, చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది. హెల్మెట్ విషయంలో మాత్రం బేరం ఆడలేదు. రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మేవాటిని చేతిలోకి తీసుకొని చూశాను. కొన్నింటి లోపల ఉండవలసిన మందపాటి థర్మకోల్ పొర పేరుకు మాత్రమే ఉంది. తలను కాపాడేది ఆ పొరే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి ఆ విసురును తాను తీసుకుంటుంది, అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు. ఐఎస్ఐ గుర్తు, దాని పైన 4151 అనే అంకె చూసి కొన్నాను. పట్టీ బిగించని హెల్మెట్ పడేటప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది కాబట్టి, పట్టీ బిగిశాకే తాళంచెవి తిప్పాలని నియమం పెట్టుకున్నాను. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు అని 2019 సవరణ చెబుతోంది. నా భయం వేరే చోట ఉంది.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు ఎనిమిది అంకె వేయడం కొద్ది నిమిషాల్లో అయిపోయింది. పరీక్ష పాసయ్యాను. కాలు కింద పెట్టకుండా తిరగగలనని తేలింది, అంతే. ఇన్సూరెన్సులో బండి యజమానికి ఉండే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాను కూడా విడువకుండా కట్టి, ఆ కాగితం ఇంట్లో ఎక్కడుందో నా భార్యకు చూపించాను. అది చూపించేటప్పుడు గొంతు పెగల్లేదు. అయినా ఆ మాట మాట్లాడకుండా బండి ఎక్కకూడదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఏడు కిలోమీటర్లలో కూడా ముప్పులు లేకపోలేదు. ఆషాఢంలో ఆ మెరక మీద వీచే గాలి బండిని పక్కకు తోస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మా జిల్లాలో వాన అరుదు కాబట్టి నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, నూనె తొలి జల్లుకు జిగురులా తయారవుతాయి. అటువంటి రోజు బండిని కూడేరులోనే వదిలి ఆటో ఎక్కుతాను. బడికి ఆలస్యమైతే ఆలస్యమే.

అన్నింటికంటే కష్టమైనది జనవరిలో ఎదురైంది. ఉలవ కోతలు అయ్యాక రైతులు కట్టెను రోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కిపోతే కాయలు పగిలి గింజ రాలుతుంది. కళ్లాలు కరువైన చోట వాళ్లకు అంతకంటే సులువైన దారి లేదు. మలుపు తిరగగానే రోడ్డంతా ఎర్రటి పరుపులా కనబడింది. బ్రేకు వేయకుండా రైజ్ తగ్గించి, కట్టె అంచుకు పది అడుగుల ముందు ఆపి దిగాను. కాలు పెట్టి చూస్తే అడుగున రాలిన గింజలు గోలీల్లా దొర్లుతున్నాయి. చీపురు పట్టుకొని నిలబడిన ఒక అవ్వ, "పైననే పోనీ సార్, ఏంగాదు, గింజ రాల్తాది," అంది.

"నాకు చేతకాదు అవ్వా," అని చెప్పి, బండిని పక్కన మట్టిలో తోసుకుంటూ ఆ పరుపు దాటేదాకా నడిచాను. నెల మొత్తం అలాగే నడిచాను.

సాయంత్రం కూడేరులో మాకు తెలిసినవాళ్ల పందిట్లో బండి నిలిపి, హెల్మెట్ తీసి, ముందుగా అమ్మకు ఫోన్ చేస్తాను. ఆమె రోజూ ఒక్కటే అడుగుతుంది: "కూడేరు చేరితివా?" చేరానంటే, "సరే, బస్సెక్కు," అని పెట్టేస్తుంది.