డెన్వర్‌లో మా లైలాక్ పూయడానికి నాలుగేళ్లు

మేముండేది అమెరికాలో, డెన్వర్ పక్కన. ఏడాదంతా పడే వానా మంచూ కరిగించి కొలిచినా 15 అంగుళాలు దాటడం కష్టం. నీళ్లు పొదుపుగా వాడే తోటను 'జెరిస్కేప్' అంటారే, ఆ మాట 1981లో పుట్టింది ఇక్కడి నీటి సంస్థలోనే. నీళ్ల బిల్లుకు భయపడి ఇంటిముందు గడ్డి పీకించేసి, ఎండ బాగా తగిలే మూల చూసి లైలాక్ అనే పూలపొద నాటాను. నర్సరీలో "దీనికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు, వేళ్లు నిలదొక్కుకున్నాక" అన్నారు. ఆ చివరి ముక్క నా చెవికెక్కలేదు.

ఆ వేసవి అమ్మ మా దగ్గరే ఉంది. "పసిమొక్కరా, నోరెండిపోదూ?" అంటూ డ్రిప్ చాలదన్నట్టు రోజూ బియ్యం కడుగు తెచ్చి మొక్క మొదలు దగ్గర గుమ్మరించేది. మాది బంకమన్ను. ఆకులు పసుపు తిరిగాయి. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే పిడిదాకా సుళువుగా దిగింది. లోపలంతా బురదే.

అమ్మ వెళ్లాక నా వంతు. చలికాలం మొక్క నిద్రపోతుందిలే అని నీళ్లు పూర్తిగా కట్టేశాను. ఇక్కడ జనవరిలో కూడా మంచు లేని వారాలుంటాయి, పైగా పొడిగాలి. ఏప్రిల్‌లో కొమ్మల్ని గోటితో గీకితే నాలుగింటిలో పచ్చదనం లేదు. అందుకే ఇప్పుడు అక్టోబరు నుంచి మార్చి దాకా, మంచు లేని నెలల్లో, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజు చూసుకుని మధ్యాహ్నం ఒకసారి గొట్టం పెడుతున్నాను.

రెండో ఏడు దసరాకి గుబురు ఎక్కువైందని నీటుగా కత్తిరించాను. మే వచ్చింది, ఒక్క పువ్వు లేదు! లైలాక్ వచ్చే ఏటి మొగ్గల్ని ఈ వేసవిలోనే కట్టేసుకుంటుంది. నేను కత్తిరించింది కొమ్మల్ని కాదు, పూలని. కత్తెర పెట్టాలంటే పూలు వాడిన వెంటనే పెట్టాలి.

అన్నట్టు, మన తురకవేపని ఇంగ్లిష్‌లో పర్షియన్ లైలాక్ అంటారు. అమ్మతో అంటే "దీనికోసం అంత దూరం వెళ్లావా" అంది. నిజానికి రెండింటికీ చుట్టరికమే లేదు. మా లైలాక్ గట్టి చలి తగలనిదే సరిగా పూయదు.

నాలుగో మే నెలలో ఏడు గుత్తులు వేసింది. వీడియోలో చూపిస్తే అమ్మ ఒకటే మాట: "అంతా నా బియ్యం కడుగు చలవేరా."