సున్నిపిండి తట్టుకునే సింకు

అమెరికా ఇళ్లలో బాత్రూమ్ నేల పొడిగా ఉంటుందన్న లెక్కతో కడతారు. నేలలో నీళ్లు పోయే తూము ఉండదు. చాలాచోట్ల టైలు కింద చెక్క పలక, మేడమీదైతే దాని కింద కింది గది సీలింగు. మన ఇంట్లో మాత్రం లేవగానే పుక్కిలించడం, నాలుక గీసుకోవడం, బయటినుంచి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కోవడం, వారాంతంలో తలంటు, పండగొస్తే నలుగు. ఈ రెంటి మధ్య ఇరుక్కునేది పిల్లలు. "నేల తడపకు", "నూనె చేతులు అక్కడ పెట్టకు", "చిందకుండా ఉమ్ము" అంటూ రోజూ మనం వేసే కేకల్లో చాలావాటికి కారణం పిల్లలు కాదు, ఆ సింకు. సింకూ దాని కింది అల్మరా కలిసిన పాత వానిటీ మార్చే అవకాశం వచ్చినప్పుడు, ఆ నీళ్ల దగ్గర మీ ఇంట్లో ఏమేం జరుగుతాయో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. దుకాణానికి ఆ తర్వాతే వెళ్లండి.

కొలతలతో మొదలుపెట్టాలి. పిల్లలు వాడే హాల్ బాత్రూమ్ చాలా ఇళ్లలో 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, అంటే 96 అంగుళాలు. చివర టబ్బు 30 నుంచి 32 అంగుళాలు తీసుకుంటుంది. కమోడ్ నడిమధ్య నుంచి అటూ ఇటూ 15 అంగుళాల చొప్పున ఖాళీ వదలాలని ఇళ్ల నిర్మాణ నిబంధనల కోడ్ చెబుతుంది కాబట్టి అక్కడో 30 పోతుంది. మిగిలేది 34 నుంచి 36. అయితే 36 అంగుళాల వానిటీ సరిపోతుంది కదా అనుకుని ఆర్డర్ పెట్టినవాళ్లు చాలామంది తిప్పి పంపాల్సి వస్తుంది. క్యాబినెట్ 36 అయితే దానిమీది పలక మామూలుగా 37 ఉంటుంది, 30 అయితే 31. గోడకు గోడ లెక్క వేసేటప్పుడు పలక కొలతే పట్టుకోవాలి. ఈ సైజు గదికి 30 అంగుళాలదే సుఖం. సింకు ముందు కనీసం 21 అంగుళాల నేల ఖాళీగా ఉండాలి. పెయింటర్స్ టేపుతో నేలమీద వానిటీ ఆకారం గీసి గది తలుపు పూర్తిగా తెరిచి చూడండి, సొరుగు బయటికి లాగినంత మేరా గీయండి. తలుపు తగిలితే 21 అంగుళాల లోతుది వదిలి 18 అంగుళాలది చూడాలి.

ఇద్దరు పిల్లలున్నారని రెండు సింకులు పెట్టించాలన్న ఆశ వద్దు. ఇంత చిన్న గదిలో రెండు గిన్నెలు పడితే దువ్వెన పెట్టుకునే చోటు కూడా మిగలదు. ఒకే గిన్నె 18 నుంచి 20 అంగుళాల వెడల్పుతో ఉంటే ఇద్దరు పక్కపక్కన నిలబడి పళ్లు తోముకోగలరు.

ఎత్తు దగ్గర ఇంట్లో మూడు తరాల లెక్క తేలాలి. పాత వానిటీలు 30 నుంచి 32 అంగుళాలు ఉండేవి, ఇప్పుడు కొట్లలో ఎక్కువగా కనిపించేవి 34 నుంచి 36. ఇండియా నుంచి ఆర్నెల్లకు వచ్చే అమ్మమ్మకి 36 ఎత్తయితే మొహం కడుక్కుంటుంటే నీళ్లు మోచేతుల మీదుగా కారి జాకెట్టు చేతులు తడుస్తాయి. నాలుగేళ్ల పిల్లకి ఏ ఎత్తయినా పీట కావాల్సిందే. పలకతో కలిపి 33 నుంచి 34 మధ్య ఉంటే అందరికీ సర్దుకుంటుంది, పిల్లకి 8, 9 అంగుళాల పీట ఒకటి చాలు. పలక మీద గిన్నె బోర్లించకుండా కూర్చోబెట్టినట్టుండే వెసెల్ సింకులు అందంగానే ఉంటాయి గానీ ఎత్తు ఇంకో 4 నుంచి 6 అంగుళాలు పెంచుతాయి, దాని చుట్టూ మురికి చేరే సందు ఉంటుంది, పిల్లలు అంచు పట్టుకుని వేలాడితే కదులుతుంది. పిల్లల బాత్రూమ్‌కి అది వద్దే వద్దు.

గిన్నె, పలక కలిసి ఒకే ముక్కగా పోతపోసినవి దొరుకుతాయి. మా ఓటు వాటికే. పలక కిందినుంచి గిన్నె బిగించే అండర్‌మౌంట్ అయితే పలకకీ గిన్నెకీ మధ్య సిలికోన్ గీత ఒకటి ఉంటుంది, సున్నిపిండీ నూనే కలిసిన ముద్ద సరిగ్గా అక్కడే పట్టి నల్లబడుతుంది. గిన్నె వరకు తెల్లటి పింగాణీకి సాటి లేదు, పసుపు చేతులు కడిగినా మరక నిలవదు. పాలరాయి మాత్రం మన ఇంటికి పనికిరాదు. పసుపు, కుంకుమ పీల్చుకుంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు పులుపుతో. పాలరాయి సున్నపు రాయి జాతి, పులుపు తగిలితే పైపొర కరిగి మెరుగు పోతుంది. పూజ ఇత్తడి సామాన్లు చింతపండుతో తోమడానికి వంటింటి సింకు ఖాళీ లేక ఇక్కడికి తెచ్చారంటే ఒక్క పూటలో మచ్చలు పడతాయి, పాలిష్ పట్టిస్తే తప్ప పోవు. తెల్లటి క్వార్ట్జ్ ఇంతకంటే గట్టిది. దానిమీద కూడా పసుపు ఒలికితే అప్పుడే తుడవాలి, రాత్రంతా వదిలేస్తే లేత పచ్చ మిగులుతుంది.

ఇక అందరూ చిన్నచూపు చూసేది, ఇంట్లో ఎక్కువ గొడవ తెచ్చేది, డ్రైన్. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కింద గడ్డకడుతుంది. విశాఖలో కాలువలోకి జారిపోయే నూనె, చికాగో జనవరిలో బయటి గోడ పక్కనున్న పైపులో వెన్నలా పేరుకుంటుంది. దానిమీద సున్నిపిండి పడితే పెసలూ శనగలూ నీళ్లకి ఉబ్బి జిగురవుతాయి. దానికి జడ దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలు తోడైతే ఒకటింపావు అంగుళం పైపు మూసుకుపోవడానికి పెద్ద సమయం పట్టదు. నొక్కితే మూసుకుని లాగితే తెరుచుకునే మామూలు పాపప్ స్టాపర్ (డ్రైన్ మూత) కింద అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, వెంట్రుకలన్నీ దానికే చుట్టుకుంటాయి. అందుకే కుళాయితో కలిపి వచ్చే పాపప్ వద్దని, కడ్డీ లేకుండా పైనుంచి ఎత్తగానే బుట్టతో సహా బయటికొచ్చే డ్రైన్ విడిగా కొనండి. గిన్నెకి, నిండితే నీళ్లు పొర్లకుండా పోయే ఓవర్‌ఫ్లో రంధ్రం ఉంటే డ్రైన్ కూడా ఓవర్‌ఫ్లో ఉన్న రకమే కొనాలి. ఇది తప్పితే రంధ్రంలోకి వెళ్లిన నీళ్లకి దారి ఉండదు. మూసుకుపోయినప్పుడు సీసాల్లో అమ్మే ఘాటైన మందులు పోయకండి. పని చేయకపోతే ఆ మందు సింకు కింద వంపు తిరిగిన పైపు, అంటే ట్రాప్‌లోనే నిలిచి, విప్పేవాళ్ల చేతుల మీద పడుతుంది.

నలుగు పెట్టుకునే రోజున మాత్రం పిల్లల్ని టబ్బులోనే కూర్చోబెట్టండి, డ్రైన్ మీద జల్లెడ పెట్టి. కాళ్లు కడుక్కోవడం కూడా అంతే. పిల్లలు సింకులోకి కాలెత్తి పెడితే బరువంతా అంచు మీద పడుతుంది. టబ్బుకి 5, 6 అడుగుల గొట్టమున్న హ్యాండ్ షవర్ తగిలిస్తే బడినుంచి రాగానే కాళ్లు కడుక్కునే అలవాటు మానిపించాల్సిన పని ఉండదు, నేలా తడవదు.

కుళాయి విషయానికొస్తే పలకకి ఎన్ని రంధ్రాలున్నాయో చూసి కొనాలి. ఒక రంధ్రం, 4 అంగుళాల ఎడంతో మూడు, 8 అంగుళాల ఎడంతో మూడు, ఇవీ రకాలు. ఒకే పిడి ఉన్నది మంచిది, నూనె చేతులతో ఉన్నా మణికట్టుతో తోయొచ్చు, కీళ్ల నొప్పులున్న తాతయ్యకీ సులువు. గిన్నె అంచుకీ కుళాయి మూతికీ మధ్య 5, 6 అంగుళాలు ఉంటే చెంబు పడుతుంది. అంతకు మించితే 5 అంగుళాల లోతు గిన్నెలో నీళ్లు చిందుతాయి. ధార డ్రైన్ దగ్గర పడాలి, వెనక గోడకి తగలకూడదు. కాలిఫోర్నియాలో ఈ కుళాయిలు నిమిషానికి 1.2 గ్యాలన్లకి మించి ఇవ్వకూడదు, అంటే దాదాపు నాలుగున్నర లీటర్లు. లీటరు చెంబు నిండడానికి 13 సెకన్లు పడుతుంది, కుళాయి పాడైందని కంగారు పడకండి.

వేడినీళ్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన ఊళ్లో గీజరు నీళ్లు బకెట్లో పట్టి చన్నీళ్లు తొలుపుకుని, చెయ్యి పెట్టి చూసి పోసుకుంటారు. ఇక్కడ తిప్పగానే వేడినీళ్లు నేరుగా చేతిమీద పడతాయి. 140 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్లు ఐదారు సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలవు. వాటర్ హీటర్ 120 డిగ్రీల మీద పెట్టండి. ఒకే పిడి కుళాయిల్లో చాలావాటికి పిడి విప్పితే లోపల పళ్లున్న ప్లాస్టిక్ చక్రం ఉంటుంది. దాన్ని ఒకటి రెండు పళ్లు జరిపితే పిడి వేడివైపు పూర్తిగా తిరగదు. కుళాయి బిగించిన రోజే ఆ పని చేసేయండి. వేసవిలో ఇండియా వెళ్లే పిల్లలకి అక్కడి గీజరు నీళ్లు ముందు బకెట్లో తొలుపుకోవాలని ప్రయాణానికి ముందే నేర్పాలి, ఇక్కడి అలవాటుతో నేరుగా చెయ్యి పెట్టేస్తారు.

క్యాబినెట్ ప్లైవుడ్‌ది అయితే డబ్బు ఎక్కువైనా పెట్టండి. రంపపు పొట్టుతో చేసిన పలకలకీ, చెక్క నార అదిమి చేసే ఎమ్‌డీఎఫ్‌కీ పైన రంగు బాగానే ఉంటుంది, కింది అంచు మాత్రం రంగు లేకుండా వదిలేస్తారు. తడి నేలనుంచి నీరు ఆ అంచు పీల్చుకుని రొట్టెలా ఉబ్బుతుంది. అదే కొనక తప్పకపోతే బిగించే ముందు తలకిందులుగా పెట్టి కింది అంచులకి రెండు పూతలు నూనె రంగు వేయండి. చిన్న పిల్లలున్న ఇల్లు కాబట్టి ఫార్మాల్డిహైడ్ పరిమితికి లోబడినట్టు చెప్పే టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్ ముద్ర పెట్టెమీద ఉందో లేదో చూడండి. గోడకి వేలాడే వానిటీ అయితే కింద 9, 10 అంగుళాల ఖాళీ ఉంటుంది, తడిగుడ్డ పెట్టడానికి హాయి, పీట కిందికి తోసేయొచ్చు. కానీ వంగి లేచేటప్పుడు పెద్దవాళ్లు అంచుమీద బరువు వేస్తారు. గోడ తెరిచి లోపలి నిలువు చెక్కల (స్టడ్ల) మధ్య 2×8 చెక్క అడ్డంగా బిగించకపోతే అది పెట్టించకండి. గోడ అట్టకి మాత్రమే పట్టుకునే డ్రైవాల్ యాంకర్లను నమ్ముకోవద్దు.

బిగించేటప్పుడు వరుస తప్పితే పని రెట్టింపవుతుంది. నీళ్లు ఆపి, సింకు కింద నీళ్లు ఆపే పాత షటాఫ్ వాల్వులు గట్టిగా తిరుగుతుంటే పావు చుట్టుతో మూసుకునే క్వార్టర్ టర్న్‌వి వేయించండి. క్యాబినెట్ లెవెల్ చూసి, నేల వాలుంటే సన్నని చీలికలు దూర్చి, స్టడ్లలోకి రెండున్నర అంగుళాల స్క్రూలు వేయాలి. పలకని క్యాబినెట్ మీద పెట్టకముందే దానికి కుళాయి, డ్రైన్ బిగించుకోండి, తర్వాత పడుకుని చేతులు దూర్చే బాధ తప్పుతుంది. రాతి పలకకి డ్రైన్ అంచు కింద పెట్టే ముద్ద, ప్లంబర్స్ పుట్టీ పెట్టకండి, నూనె మరక దిగుతుంది, సిలికోన్ వాడండి. ట్రాప్ నట్లు చేత్తో బిగించి పావు చుట్టు మాత్రం ఎక్కువ తిప్పాలి. గిన్నె నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, ప్రతి అతుకునీ పొడి టిష్యూతో తుడిచి చూడండి. గోడ పక్క సిలికోన్ 24 గంటలు ఆరాలి, ఆ రోజు పిల్లల్ని వేరే బాత్రూమ్‌కి పంపండి.

సింకు కింది తలుపుకి లాక్ వేయండి. పై సొరుగు మాత్రం పిల్లలకి వదిలేయండి: దువ్వెన, రబ్బరు బ్యాండ్లు, నాలుక బద్ద, బొట్టుబిళ్లల అట్ట. కొబ్బరినూనె సీసా కింద చిన్న పళ్లెం పెట్టండి, లేకపోతే సొరుగు అడుగున జిడ్డు వలయం దిగుతుంది. పదేళ్ల పిల్లాడు డ్రైన్ బుట్ట తీసి శుభ్రం చేయగలడు. నెలకోసారి ఆ పని వాడికే అప్పజెప్పండి. పిడి పట్టి పైకి లాగి, వెంట్రుకలు చెత్తబుట్టలో వేసి, సబ్బుతో కడిగి, మళ్లీ నొక్కేయడమే.