కోయిల్‌కొండ కోటకు నలుగురు: పిల్లల ఆటలో ఏ పాత్ర ఎవరికి

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగే మన పాలమూరు, నల్లగొండ పిల్లలు శనివారం పూట నలుగురు చేరి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతుంటే, ఇదీ ఇంకో వీడియో గేమే అనుకుని పెద్దలు పక్కకు తప్పుకుంటారు. ఈ ఆటకు తెర అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, ఏడు పాచికల సెట్టు, నోరు ఉంటే చాలు. ఆటంతా మాటే. ఆ మాట తెలుగులో నడవాలంటే ఒక్క పని ముందే సరిగ్గా జరగాలి: ఏ పిల్లకు ఏ క్లాస్, అంటే ఏ రకం పాత్ర, ఇస్తున్నాం అన్నది. బొమ్మ చూసి, కత్తి చూసి కాదు, ఆ పాత్ర ఎంత మాట్లాడాల్సి వస్తుందో చూసి ఇవ్వాలి.

ఒగ్గు కథ చూసినవాళ్లకు ఆట పద్ధతి తొందరగా పట్టుబడుతుంది. కథ చెప్పే పెద్ద ఒకరు, వంత పాడేవాళ్లు కొందరు. ఇక్కడ కథ చెప్పేవాళ్లను డంజన్ మాస్టర్ అంటారు. తేడా ఏమిటంటే, కథ ఎటు మళ్లాలో వంతవాళ్లే నిర్ణయిస్తారు, పని అయిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. క్లాస్ అంటే ఆ పాత్ర నేర్చిన విద్య. 1974లో ఆట మొదలైనప్పుడు యోధుడు (ఫైటర్), మంత్రగాడు, దేవుణ్ని తలుచుకుని గాయాలు మాన్పే క్లెరిక్ అని మూడే విద్యలు. 1975లో దొంగ చేరాడు. 2014 నాటి రూల్స్ పుస్తకానికి వచ్చేసరికి పన్నెండయ్యాయి. వాటిని ‘విద్య’ అనే పిలవండి, ‘కులం’ అని మాత్రం తెలుగు చేయకండి. పుట్టుకతో పని అంటగట్టే మాటను పిల్లల ఆటలోకి మనమే మోసుకుపోవద్దు. అట్లాగే అడవి తెలిసిన రేంజర్‌ను ‘చెంచు’ అని రాయొద్దు. చెంచులు నల్లమలలో ఇవాళ బతుకుతున్న మనుషులు, వాళ్లు ఒక క్లాస్ కాదు. రేంజర్ మన్ననూరులో చెంచు పెద్ద దగ్గర అడుగుజాడలు చదవడం నేర్చుకున్నాడని రాస్తే సరిపోతుంది.

పన్నెండు క్లాసులున్నా పార్టీకి, అంటే ఆడే జట్టుకు, కావలసిన పనులు నాలుగే. 2008 నాటి నాలుగో ఎడిషన్ వాటికి డిఫెండర్ (ముందు అడ్డం నిలిచేవాడు), స్ట్రైకర్ (గట్టి దెబ్బ కొట్టేవాడు), లీడర్ (తనవాళ్లకు ఆసరా ఇచ్చేవాడు), కంట్రోలర్ (శత్రువుల గుంపును కట్టడి చేసేవాడు) అని పేర్లు కూడా పెట్టింది. మన చెడుగుడు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. కూతకు పోయేవాడొకడు, మూల కాసేవాడొకడు, పక్కనుంచి వచ్చి ఆసరా ఇచ్చేవాడొకడు. ఏడుగురూ కూతకే పోతామంటే జట్టు నిలవదు. పిల్లలు మాత్రం సరిగ్గా అదే చేస్తారు, నలుగురూ స్ట్రైకరే కావాలంటారు.

ఏం చెడుతుందో లెక్కతో చూపిస్తే వాళ్లకే అర్థమవుతుంది. 2014 రూల్స్‌లో గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడు దెబ్బ వేసేటప్పుడు ఇరవై ముఖాల పాచికకు 4 కలుపుతారు. ఫైటర్ గొలుసు కవచం 16, డాలు 2, మొత్తం రక్షణ 18. అతనికి దెబ్బ తగలాలంటే పాచికలో 14 ఆ పైన పడాలి, అంటే ఇరవైలో ఏడు అవకాశాలు. కవచం లేని మంత్రగాడి రక్షణ 12 అనుకుందాం. 8 పడినా తగులుతుంది, ఇరవైలో పదమూడు. పైగా మొదటి లెవెల్‌లో అతని ప్రాణం 6కు కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) బోనస్ కలిపినంతే. బోనస్ 2 అయితే 8. గాబ్లిన్ కత్తి దెబ్బ ఆరు ముఖాల పాచికకు 2 కలిపినంత. చాలాసార్లు రెండు దెబ్బలకే మంత్రగాడు నేల మీద ఉంటాడు. ముందు ఎవరూ నిలబడని పార్టీలో మొదటి ఏడుపు ఇక్కడే మొదలవుతుంది. వేగు పని చేసే రోగ్ కూడా ఒంటరిగా పనికిరాడు. అతని స్నీక్ అటాక్‌కు, అంటే చాటు దెబ్బకు, మొదట్లో ఒక ఆరు ముఖాల పాచిక అదనంగా దొరుకుతుంది, కానీ అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసే వీలు) లేనప్పుడు శత్రువుకు 5 అడుగుల లోపల తనవాడొకడు నిలబడి ఉంటేనే.

క్లెరిక్‌ను అందరికంటే చిన్నదానికో, నెమ్మదైన ఆడపిల్లకో అంటగట్టడం చాలా ఇళ్లలో జరిగే తప్పు. ‘నువ్వు అందరికీ మందు పూయి’ అంటే గంటలో విసుగొస్తుంది. ఆ పాత్ర అంత చిన్నది కాదు. 2014 రూల్స్‌లో హీలింగ్ వర్డ్ అనే మంత్రం 60 అడుగుల దూరం నుంచే పనిచేస్తుంది, నాలుగు ముఖాల పాచికకు విజ్డమ్ (వివేకం) బోనస్ కలిపినంత ప్రాణం పోస్తుంది. అది బోనస్ యాక్షన్, అంటే వంతులో అదనంగా చేసే చిన్న పని, కాబట్టి అదే వంతులో సేక్రెడ్ ఫ్లేమ్ అనే మంత్రంతో దెబ్బ కూడా కొట్టొచ్చు. మొదటి లెవెల్‌లో స్పెల్ స్లాట్లు, అంటే ఇలాంటి మంత్రం వేసే అవకాశాలు, రెండే. చిన్న గీరుకు ఒకటి ఖర్చు పెడితే, మనిషి పడిపోయినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ప్రాణం సున్నాకు వచ్చినవాళ్లు వెంటనే చావరు. ప్రతి వంతులో పాచిక వేస్తారు, 10 ఆ పైన పడితే ఒక గెలుపు. మూడు గెలుపులకు నిలకడ, మూడు ఓటములకు చావు. ఆ నడుమ లేపడానికే స్లాట్ దాచుకోవాలని పిల్లకు ముందే చెప్పండి. ఇంకొక్కటి: క్లెరిక్ జోగులాంబనో మల్లన్ననో తలుచుకుని మంత్రం వేయొచ్చు, కానీ దేవతకు హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) రాసి శత్రువుగా నిలబెట్టొద్దు. ఊళ్లో పెద్దవాళ్లు వింటే నొచ్చుకుంటారు, అది న్యాయమే.

ఇక మాట సంగతి. తెలుగు కొంచెమే వచ్చిన పిల్లకు ఫైటర్, బార్బేరియన్ మంచివి. ‘కొడ్త’, ‘అడ్డం వోత’, ‘పట్టుకుంట’, ఒక్క క్రియతో వంతు అయిపోతుంది. రోగ్‌కు, రేంజర్‌కు దిక్కులు, చోట్లు రావాలి: బండెనక, గోడ మీదికెల్లి, ఎడమ దిక్కు, చప్పుడు చెయ్యకుండ. మంత్రగాడికి ‘ఇట్ల చేస్తే ఏమైతది?’ అనే వాక్యం కావాలి, పైగా ఆరు మంత్రాల వివరం చదివి గుర్తు పెట్టుకోవాలి. అందుకే తొమ్మిదేళ్ల లోపు వాళ్లకు వద్దు. అన్నిటికంటే కష్టం పాటగాడైన బార్డ్. ఎదుటివాళ్లను ఒప్పించడమే అతని పని. ‘అవ్వా, జర తలుపు తియ్యి, చీకటైతుంది’ అనడం వేరు, ‘ఓపెన్ చెయ్’ అనడం వేరు. నాలుగైదు ఆటలు ఫైటర్‌గా ఆడిన పిల్ల నోరు తిరిగాక పాత్ర మారుస్తానంటే మార్చనివ్వండి. ఇంగ్లిష్‌లో చెప్పినందుకు శిక్ష వేయొద్దు. తెలుగులో చెబితే అడ్వాంటేజ్ ఇవ్వండి: పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం. పిల్లలే మాటల కోసం వెతుక్కుంటారు.

పోట్లాట లేని ఘట్టాల్లోనే ఎవరి విద్య ఏమిటో బాగా తెలుస్తుంది. మర్రిగూడ దిక్కున ఒక ఊరు అనుకోండి, బావి నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్నాయి. క్లెరిక్‌కు నీటిని శుద్ధి చేసే మంత్రం ఉంది, కానీ అది పనిచేసేది 5 అడుగుల వ్యాసార్ధం ఉన్న గోళంలోనే. గాబు తేటపడుతుంది, బావి కాదు. అప్పుడు మంత్రగాడు ఇంటెలిజెన్స్ పాచిక వేసి 15 దాటితే నల్లగొండ పద్ధతి గుర్తుకొస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన నిజమైన పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, ముందు జోరుగా, తర్వాత మెల్లగా కలిపి, తేరనిచ్చి వడపోయడం. పటిక ఎవరి కొట్లో ఉందో రోగ్ కనిపెట్టాలి, సున్నం బస్తా ఫైటర్ మోయాలి, ఊరిని బార్డ్ ఒప్పించాలి. చెట్టూచేమల మంత్రాలు తెలిసిన డ్రూయిడ్ ఉంటే పాలమూరు పిల్లలమర్రికి తీసుకెళ్లండి. 2018లో చెదలు పట్టిన ఆ మర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఏ ఊడకు ఎన్ని సీసాలు అన్నది పిల్లలే తేల్చుకోవచ్చు.

ఇద్దరే పిల్లలుంటే పాలడిన్, బార్డ్ చాలు. పాలడిన్ దైవదీక్ష పట్టిన యోధుడు, ముందు నిలబడతాడు, మొదటి లెవెల్‌లో చేయి వేసి 5 పాయింట్ల ప్రాణం పోస్తాడు. బార్డ్‌కు హీలింగ్ వర్డ్ కూడా ఉంది.

ఊళ్లో ఉన్న నాయినమ్మను ఆటలోకి తేవడానికి రూల్స్ ఏవీ నేర్పక్కర్లేదు. అష్టాచెమ్మ గవ్వలు వేసిన చేయికి పాచిక కొత్త కాదు. డాలస్‌లో శనివారం పొద్దున ఎనిమిదిన్నర అంటే నల్లగొండలో ఎండాకాలం రాత్రి ఏడు, చలికాలం ఎనిమిది. వీడియో కాల్‌లో ఆమెను కోట దర్వాజ కాపలాదారుగా కూర్చోబెట్టండి. ఆమె అడగాల్సినవి ఎప్పుడూ అడిగేవే: ‘ఎవల పిల్లలు మీరు? ఏ ఊరు మీది? ఈడికెందుకొచ్చిన్రు?’ బార్డ్ జవాబు చెప్పాలి, మిగతావాళ్లు అందించాలి. ఒప్పుకుందా లేదా అన్నది ఆమె ఇష్టం, ఇక్కడ పాచిక అడగొద్దు. పది నిమిషాలు మించొద్దు, ఆమెకు అన్నం వేళ.

ఆ కోటగా పాలమూరులోని కోయిల్‌కొండ కోటను పెట్టుకోండి, దానికి ఏడు దర్వాజలున్నాయి. పిల్లలతో మూడు గంటల్లో మూడే అవుతాయి. మొదటిది మాటతో, రెండోది బండలు జరిపి, మూడోది పోట్లాటతో దాటించండి. ఇదే వరసలో పెడితే కొత్తవాళ్లకు పాచిక అలవాటయ్యాకే దెబ్బలు మొదలవుతాయి. ఆపేటప్పుడు ఎవరికెంత ప్రాణం మిగిలింది, క్లెరిక్ దగ్గర ఎన్ని స్లాట్లున్నాయి అన్నది తెలుగు అంకెల్లో రాయించండి. నాలుగో దర్వాజ దగ్గర వచ్చే శనివారం తాత కాపలా ఉండాలి, ఆయనకు ఫోన్ చేసి చెప్పే పని ఫైటర్ ఆడిన పిల్లకు అప్పగించండి.